ఆరో నంబరు కంటిపాప

సిద్దిపేటలో నాకు ఉద్యోగం దొరికింది జానెడు కూడా లేని ఒక తెల్లటి పట్టీ వల్ల. దంతంతో చేసినట్టు నున్నగా ఉండేది. దాని మీద వరసగా ఎనిమిది నల్ల చుక్కలు. మొదటిది ఆవగింజంత, చివరిది శనగగింజంత. ఒక్కోదాని కింద ఒక అంకె. ఆ పట్టీని రోగి కణతకు దగ్గరగా పట్టుకుని, కంటిపాప ఏ చుక్కంత ఉందో చూసి అంకె చెప్పాలి. తర్వాత టార్చిలైటును పక్కనుంచి తెచ్చి కంట్లో వెయ్యాలి. వెలుగు పడగానే పాప ఎంతకు ముడుచుకుందో మళ్లీ అంకె చెప్పాలి. చూసేవాళ్లకు అదేదో పిల్లల ఆటలా ఉండేది. కన్ను లోపల ఏం జరుగుతోందో బయటి నుంచి తెలుసుకోవడానికి మా దగ్గరున్న పనిముట్లు ఆ రెండే.

నేను నారాయణరావుపేట దగ్గరి పల్లెలో, కూలికి పోతే తప్ప పొయ్యి వెలగని ఇంట్లో పుట్టాను. నన్ను కన్న అవ్వ నా చిన్నతనంలోనే పోయింది. బాపు క్రైస్తవంలో కలిశాక నన్ను మిషన్ దవాఖానకు తీసుకుపోయి వదిలాడు. మొదట రెండేళ్లు కట్టు గుడ్డలు, దుప్పట్లు ఉతికాను. తర్వాత నర్సు పని నేర్పారు. అక్కడ కళ్లు చూసే డాక్టరమ్మ సముద్రాల అవతలి నుంచి వచ్చిన మనిషి. ఆమె తెలుగు పుస్తకం చదివినట్టుండేది. గది తలుపులు మూయించి, నన్ను రోగి ముందు కూర్చోబెట్టి, ఒకటే పాఠం వందసార్లు చెప్పింది.

“ఒక కంటిలో వెలుగు వెయ్యి. రెండవ కంటిని కూడా చూడు. రెండు పాపలూ కలిసి ముడుచుకోవలెను.”

ఎర్రబడి నొప్పెట్టే కన్ను గురించి ఆమె నాతో వల్లె వేయించింది. కన్ను ఎర్రబడి, పాప చిన్నదైపోతే అది ఒక జబ్బు. దానికి పాపను పెద్దది చేసే అట్రోపిన్ చుక్కలు వెయ్యాలి. కన్ను ఎర్రబడి, పాప పెద్దదై, వెలుగు వేసినా కదలకపోతే అది వేరే జబ్బు, నీటికాసులు. అప్పుడు రెప్ప మీద రెండు వేళ్లు పెట్టి మెల్లగా నొక్కి చూడాలి. గోలీలా గట్టిగా తగిలితే ఇక అనుమానం లేదు. ఆ కంట్లో అట్రోపిన్ వేస్తే కన్నును చేజేతులా చంపినట్టే. “ఏమిటి?” అని అడిగేది. “చేజేతులా చంపినట్టే” అని నేను అప్పజెప్పేదాన్ని.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన కొన్నాళ్లకు ఆమె తన దేశం వెళ్లిపోయింది. పోతూ పోతూ ఆ పట్టీ నాకు ఇచ్చింది.

ఆ తర్వాత సిద్దిపేటలో కిరాయి ఇంట్లో కొత్తగా దవాఖాన తెరిచిన ఒక డాక్టర్ సాబుకు నర్సు కావాలని తెలిసి పోయాను. ఆయన పట్నం నుంచి వచ్చినవాడు. చదువు బాగా ఉన్నవాడు, మాట మెత్తగా ఉండేది, తెల్లటి షేర్వానీ మీద మరక పడనిచ్చేవాడు కాదు. చుట్టుపక్కల పెద్దిళ్ల ఆడవాళ్లు ఘోషా పాటించేవాళ్లు. పరాయి మగవాడికి ముఖం చూపించరు. డాక్టర్ పరదా ఇవతల కుర్చీలో కూర్చుంటాడు, రోగి పరదా అవతల ఉంటుంది. మధ్యలో ఎవరో ఒకరు కళ్లూ చేతులూ అయి పనిచేయాలి. నా సంచిలోంచి పట్టీ తీసి చూపించగానే ఆయన ముచ్చటపడ్డాడు. తన ముఖం వెలుగు వైపు తిప్పి, “నాది ఎంత?” అన్నాడు.

“మూడు, సాబ్.”

“టార్చి ఎయ్యి.”

“రెండు. రెండో కన్ను గుడ రెండే.”

ఆ రోజే నాకు పని ఇచ్చాడు.

రెండేళ్లు బాగానే గడిచాయి. యుద్ధం వల్ల టార్చి సెల్లులు దొరికేవి కావు. నేను రోజూ పొద్దున సెల్లులు బయటికి తీసి ఎండలో పెట్టేదాన్ని, అట్లా అయితే ఇంకొన్నాళ్లు వస్తాయని. పరదా అవతల నుంచి నేను అంకెలు చెప్పేదాన్ని, ఇవతల ఆయన జబ్బు పేరు చెప్పేవాడు. “నా కండ్లు నీ దగ్గర ఉన్నయి” అని ఒకసారి మెచ్చుకున్నాడు. ఆ మాటను నేను మా ఊరికి పోయి బాపుతో చెప్పాను. బాపు సంతోషపడలేదు. “పెద్దోళ్లు నీ మాట ఇంటున్రంటే భయం జెయ్యాలె బిడ్డా. నోరు మూసుకోని నౌకరి నిలవెట్టుకో” అన్నాడు. ఆయన బతుకంతా అదే నేర్చుకున్నాడు. నాకు ఇవ్వడానికి ఆయన దగ్గర వేరే సలహా లేదు.

ఒక ఎండాకాలం పొద్దున చిన్నకోడూరు అవతలి ఊరి నుంచి గూడు కట్టిన కచ్చురం బండి వచ్చింది. ఆ ఊరి దొర స్వయంగా వచ్చాడు. ఇంట్లో దొరసానికి కండ్ల కలక వచ్చిందని, కుడి కన్ను ఎర్రగా అయి నిన్నటి నుంచి తల పగిలిపోతోందని అన్నాడు. డాక్టర్ సాబు దారిలోనే తేల్చేశాడు. ఎర్రటి కన్ను, నొప్పి, వెలుగు చూడలేకపోవడం, నలభై దాటిన మనిషి. “పాప చిన్నగయి ఉంటది. అట్రోపిన్ సీసా తెచ్చినవా?” అని అడిగాడు. తెచ్చానన్నాను.

పెద్ద ఇల్లు. నడిమింట్లో దర్వాజాకు మందపాటి పరదా కట్టారు. ఇవతల డాక్టరుకు, దొరకు కుర్చీలు వేశారు. నేను లోపలికి పోయాను. దొరసాని గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన ఇత్తడి తాంబాళంలో కక్కుకున్న పైత్యం. రెండు చేతులతో తల కుడివైపు గట్టిగా పట్టుకుంది. నేను దగ్గరికి పోగానే ఎడమ కన్ను ఒక్కటే తెరిచి నన్ను చూసింది.

“నువ్వు ఏ ఊరిదానివి?”

చెప్పాను.

“ఎవరోళ్లు?”

ఎవరోళ్లంటే ఏ కులమని. అది కూడా చెప్పాను. అబద్ధం చెప్పినా పేరు, మాట పట్టిస్తాయి.

“నన్ను ముట్టకు. సూసేది దూరంకెల్లి సూడు.”

అలవాటైన మాటే. చాలా ఇళ్లలో రోగి తన రెప్ప తనే లాగి పట్టుకునేది, నేను జానెడు దూరం నుంచి చూసేదాన్ని. ఆ రోజూ అట్లాగే చేశాం. ఆమె వేలితో కుడి రెప్ప పైకి లాగింది. నేను కిటికీ తలుపు మూసి చూశాను.

కన్ను మందార రేకలా ఎర్రగా ఉంది. నల్లగుడ్డు మీద మసక పట్టింది, అద్దం మీద ఊపిరి వదిలినట్టు. ఆ మసక వెనక పాప పెద్దదిగా, గుండ్రంగా కాకుండా నిలువుగా కోడిగుడ్డులా సాగి ఉంది. పట్టీ కణత దగ్గర పెట్టాను. ఆరు. టార్చి వేశాను. కదలలేదు. ఎడమ కంట్లో వేశాను. ఎడమ పాప ముడుచుకుంది, కుడి పాప అట్లాగే ఉంది. మళ్లీ కుడి కంట్లో వేసి, ఈసారి ఎడమ పాపను చూశాను. ఎడమ పాప ముడుచుకుంది. అంటే కుడి కన్ను వెలుగును ఇంకా పట్టుకుంటోంది. పాప బిగుసుకుపోయిందే తప్ప కన్ను ఇంకా బతికే ఉంది. సమయం ఉంది.

పరదా అవతలికి వినిపించేట్టు చెప్పాను. “సాబ్, కుడి పాప ఆరు నంబరు. ఎలుగుకు కదుల్తలేదు.”

“ఆరా? చిన్నగ ఉండాలె. మల్ల సూడు.”

“సూసిన సాబ్. ఆరే. గుండ్రం గుడ లేదు.”

“సెల్లు అయిపోయి ఉంటది. టార్చిల ఎలుగు లేకుంటే పాప ఎట్ల కదుల్తది?”

“గదే టార్చికి ఎడమ పాప కదుల్తున్నది సాబ్.”

కుర్చీ కిర్రుమంది. దొర ముందు ఒక నర్సు తనకు ఎదురు మాట చెప్పింది. నేను ఆయన ముఖం చూడలేదు, కానీ గొంతులో నవ్వు వినిపించింది. దొరతో అన్నాడు, “ఈ పల్లెటూరి పోరగాండ్లకు ఎంత నేర్పినా ఇంతే.” తర్వాత, “ఇంట్ల ఏమన్న పసరు పోసిన్రా?” అని అడిగాడు.

పొద్దున ఏదో ఆకు పసరు, బాలింత పాలు పోశామని దొర చెప్పాడు.

“అదే మరి. పసరుకు పాప పెద్దగయింది. అసలు జబ్బు నేను చెప్పిందే. అట్రోపిన్ ఎయ్యి. రోజుకు మూడుసార్లు.”

నాకు తెలిసిన దారి ఒకటే మిగిలింది. కన్ను గట్టిపడిందో లేదో వేలితో నొక్కి చూడడం. అది గట్టిగా ఉందని చెబితే ఆయన కూడా కాదనలేడు. నేను గొంతు తగ్గించి, “దొరసానీ, ఒక్కపారి రెప్ప మీద వేలు పెట్టి సూడనియ్యున్రి. గంతే” అన్నాను.

“ముట్టకన్న గదనే” అంది ఆమె. నొప్పితో పళ్లు బిగబట్టి అన్న మాట. కోపం కూడా లేదు అందులో. నీళ్లు పల్లానికి పోతాయన్నంత మామూలుగా అంది.

అప్పుడు నేను ఏం చేయాల్సిందో ఇప్పటికీ నాకు పదిరకాలుగా తోస్తుంది. సీసా కింద పడేసి పగలగొట్టవచ్చు. మందు అయిపోయిందనవచ్చు. పరదా తప్పించుకుని బయటికి వచ్చి, ఇది నీటికాసులు, ఈ మందు వేస్తే కన్ను పోతుందని దొర ముఖం మీద చెప్పవచ్చు. తోసింది తోసినట్టే ఉండిపోయింది. నేను చేసింది ఇది. ఆమె రెప్ప లాగి పట్టుకుంది, నేను సీసా మూత తీసి మూడు చుక్కలు వేశాను. నా చెయ్యి వణకలేదు. మంచి నర్సుకు చెయ్యి వణకదు.

చుక్కలు వేయడానికి నన్ను అక్కడే ఉంచి డాక్టర్ సాబు వెళ్లిపోయాడు. నేను బయట పశువుల కొట్టం పక్క అరుగు మీద పడుకున్నాను. మధ్యాహ్నం వేశాను, సాయంత్రం వేశాను. మర్నాడు పొద్దున ఆమె నేల మీద పొర్లుతోంది. “కంట్ల గొడ్డలేసి నరుకుతున్నట్టున్నదే, ఏం మందే ఇది” అని అరుస్తోంది. నేను దొర దగ్గరికి పోయి, “దొరా, నొప్పి ఎక్కువైంది, మందు ఆపి సాబును పిలువున్రి” అన్నాను. ఆయన సిద్దిపేటకు మనిషిని పంపాడు. మనిషి మధ్యాహ్నానికి తిరిగొచ్చి, మందు పనిచేసేటప్పుడు నొప్పి ఉంటుందని, ఆపవద్దన్నారని చెప్పాడు. ఆపలేదు.

మూడో రోజు నొప్పి తగ్గింది. ఇంట్లో అందరి ముఖాలు తేటపడ్డాయి. దొరసాని రెండు మెతుకులు తింది. నేను కిటికీ మూసి, టార్చి తీసి కుడి కంట్లో వేశాను. ఎడమ పాప వైపు చూశాను. అది కదలలేదు. పెద్దదిగా, నిశ్చింతగా, చీకట్లో ఉన్నట్టే ఉంది.

“దొరసానీ, ఎలుగు కనవడ్తున్నదా?”

“ఏ ఎలుగు?” అంది ఆమె. “పొద్దుగూకింది గదా, కిటికీ ఏసినవు?”

పొద్దు ఇంకా నడినెత్తిన ఉంది. నేను ఎడమ పాప చూడడం కాగానే ఆమె ఆ కంటిని మళ్లీ కొంగుతో మూసుకుంది. కొంగు తీసేసరికి తనకే తెలిసింది. అప్పుడు ఆమె పెట్టిన కేక నేను విన్నాను. అది నొప్పి కేక కాదు.

డాక్టర్ సాబు వచ్చి, చెప్పాల్సిందంతా ఉర్దూలో దొరకు చెప్పాడు. నాకు అర్థమైనంత వరకు అందులో జబ్బు తక్కువ, నేను ఎక్కువ. నర్సు లెక్క తప్పి చుక్కలు ఎక్కువ వేసి ఉంటుందన్నాడు. దొర నా వైపు చూసిన చూపుకు నేను గోడకు అంటుకుపోయాను. అయినా నోరు విప్పలేదు. దవాఖానకు తిరిగొచ్చాక మందులిచ్చే ముసలి కాంపౌండరు, ఆ రోజు సాబు రిజిస్టరులో ఇంగ్లీషులో రాసింది నాకు చదివి వినిపించాడు. మొదటి రోజు కుడి పాప చిన్నది, రెండో నంబరు అని రాసి ఉంది. నేను ఆరు అన్నాను. సాబు రెండు రాశాడు. ఆరును రెండు చేయడానికి ఒక్క మందూ అక్కర్లేకపోయింది.

ఆడవాళ్ల వైపు నుంచి నన్ను తీసేసి, కట్టు గుడ్డలు ఉతకడానికి పెట్టాడు. టార్చి తీసుకున్నాడు. పూర్తిగా పొమ్మనలేదు. ఎందుకు పొమ్మనలేదో నాకు తెలుసు. బయటికి పోతే మాట్లాడతానని. నేను మాట్లాడే మనిషినయితే ఆ కన్ను ఉండేదని ఆయనకు తట్టలేదేమో.

వానలు పడ్డాక దొర తన భార్యను పట్నంలో కళ్లు మాత్రమే చూసే ఒక పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన అద్దంతో, ఇంకా ఏవో పనిముట్లతో చూశాడట. మొదటి రోజు ఎట్లా ఉందో అడిగి తెలుసుకుని, అట్రోపిన్ ఎవరు వేయమన్నారని అడిగాడట. చచ్చిన కన్ను చచ్చిందే, రెండో కంటికీ ఇదే జబ్బు వస్తుంది, చిన్న ఆపరేషన్ చేయాలన్నాడట. ఉన్న ఒక్క కంటి మీద కత్తి పెట్టనివ్వం అని ఇంటివాళ్లు మొండికేశారు. అప్పుడాయన పాపను చిన్నది చేసే చుక్కల మందు ఇచ్చి, పాప రెండో నంబరు దాటకుండా చూసుకోవాలని, కొలవడం తెలిసిన ఆడమనిషి వారం వారం వచ్చి చూడాలని చెప్పాడట.

చుట్టుపక్కల పాప కొలవడం తెలిసిన ఆడమనిషిని నేనొక్కదాన్నే. దొర మొదట మనిషిని పంపాడు. నేను పోలేదు. తర్వాత ఆయనే వచ్చాడు. నేను ఉతికే తొట్టి దగ్గర నిలబడి ఉన్నాను.

“వారానికొక్కపారి రావాలె. బండి పంపుత” అన్నాడు. ఇంకేమీ అనలేదు. అడగడం ఆయనకు చేతకాదు, కాబట్టి ఆజ్ఞాపించినట్టే అడిగాడు. నేను ఒప్పుకున్నాను. మంచితనంతో కాదు. ఆ ఇంటి గడప మళ్లీ తొక్కితే నాలో ఏదో తగ్గుతుందని ఆశపడ్డాను.

ఏడెనిమిది వారాలు దొరసాని నాతో మాట్లాడలేదు. కూర్చునేది, ఎడమ రెప్ప తనే లాగి పట్టుకునేది, నేను కొలిచి అంకె చెప్పేదాన్ని, లేచి పోయేది. కుడి కన్ను పాలు పోసినట్టు తెల్లబడింది. అది నా వైపు ఉండేట్టు కూర్చునేది. కావాలని కూర్చునేదో, అలవాటుగానో తెలియదు.

ఒకరోజు ఇక ఆగలేక నేనే అన్నాను. “దొరసానీ, నేను ఆ రోజు సరిగ్గనే చెప్పిన. సాబు ఇనలేదు.”

ఆమె రెప్ప వదిలేసింది. “నువ్వు చెప్పింది నేను ఇనలేదనుకున్నవా?”

నేను పట్టీ కిందికి దించాను.

“పరద ఆయనకు అడ్డం గని నాకు అడ్డమా? ఆరు నంబరన్నవు. కదుల్తలేదన్నవు. గదే టార్చికి ఎడమది కదుల్తున్నదన్నవు. అంత ఇన్న. ఈ పిల్లకు ఏదో ఎరుకున్నది అనుకున్న. మల్ల గా సీసా మూత తీసినవు.” ఆమె గొంతు పెంచలేదు. “ఆయనకు తెల్వక ఎయ్యమన్నడు. నీకు తెలిసి ఏసినవు. ఎవరి తప్పు పెద్దది?”

ఇన్నాళ్లూ మింగినది బయటికి వచ్చింది. “మీరు ముట్టనిస్తే గట్టిగున్నదని చెప్పేదాన్ని. ఒక్క వేలు. ఒక్కపారి. అడిగిన గదా.”

“అడిగినవు. ముట్టనియ్యలే.” అంది. “గది నాది. నేను మోస్తున్న. నీది నన్ను మొయ్యుమనకు.”

ఆ సాయంత్రం బండిలో తిరిగి వస్తూ ఆమెను తిట్టుకున్నాను. ముట్టుకుంటే మైలపడే మనిషికి న్యాయం చెప్పే హక్కు ఎక్కడిదని తిట్టుకున్నాను. తిట్టడం అయిపోయాక ఆమె అడిగిన ప్రశ్న అట్లాగే మిగిలింది.

ఆ చలికాలం డాక్టర్ సాబు దవాఖాన ఎత్తేసి పట్నం తిరిగి పోవడానికి సిద్ధమయ్యాడు. పల్లెల్లో దొరల మీద తిరుగుబాట్లు మొదలయ్యాయి, ఘోషా ఇళ్ల బండ్లు రావడం తగ్గింది. సామాన్లు కట్టే రోజు నన్ను గదిలోకి పిలిచాడు. టార్చి నా చేతికి ఇచ్చాడు. మనిషి చిక్కిపోయాడు, షేర్వానీ భుజాల దగ్గర వదులైంది. కిటికీలోంచి బయటికి చూస్తూ, “ఆ కేసు” అన్నాడు. ఏ కేసో చెప్పలేదు. “ఎవరు చూసినా గట్లనే అయ్యేది. ఔనా?”

ఆయన నన్ను బతిమాలుతున్నాడని నాకు అర్థమైంది. కాదు అనడానికి నాకు ఇక పోయే నౌకరీ కూడా లేదు. దవాఖానే మూతపడుతోంది. అయినా నా నోట వచ్చింది ఒకటే.

“ఔను సాబ్.”

ఆయన తల ఊపి కళ్లు తుడుచుకున్నాడు. నాకు ఆయన మీద జాలి కలగలేదు. నా మీద అసహ్యం కలిగింది, మందు వేసిన రోజు కంటే ఎక్కువ. ఆ రోజు భయపడ్డానని చెప్పుకోవచ్చు. ఈ రోజుకు ఆ సాకు కూడా లేదు.

మళ్లీ ఎండలు ముదిరినప్పుడు, ఒక మధ్యాహ్నం నేను వారం ప్రకారం ఆ ఇంటికి పోయిన రోజే, దొరసాని ఎడమ కన్ను ఎర్రబడి ఉంది. అంతకు ముందు రెండు రోజులు ఇంట్లో ఏదో పెళ్లి హడావుడిలో చుక్కలు వేసుకోవడం మరిచిందట. దీపం చుట్టూ రంగులు కనబడుతున్నాయని, తల బరువుగా ఉందని చెప్పింది. కొలిచాను. ఐదు. టార్చి వేస్తే కదిలీ కదలనట్టు ఒక్క వెంట్రుకవాసి ముడుచుకుని మళ్లీ వదులైంది.

ఈసారి నేను అడగలేదు. రెండు వేళ్లు ఆమె రెప్ప మీద పెట్టి నొక్కాను. ఆమె ఒళ్లు ఒక్కసారి బిగుసుకుంది. తర్వాత ఊపిరి వదిలింది. కన్ను రాయిలా ఉంది. పట్నం డాక్టరు ఇచ్చిన చుక్కలు వేశాను. పావుగంటకొకసారి వేస్తూ, వేసిన ప్రతిసారీ కొలుస్తూ కూర్చున్నాను. ఐదు. ఐదు. నాలుగున్నర. ఆమె కోడలు పక్కన నిలబడి తడిగుడ్డ అందించింది. మధ్యలో దొరసాని నా మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగాయి. “ఇది పోతే నేను బతుకనే” అంది. సాయంత్రం బండ్లు ఊర్లోకి తిరిగొచ్చే వేళకు పాప రెండు దగ్గర ఆగింది. వేళ్ల కింద కన్ను మెత్తబడింది. ఎదురు గోడ మీద బల్లి ఉందని ఆమె చెప్పింది. నిజంగానే ఉంది.

నేను సామాను సర్దుకునేలోపే పెరట్లో నీళ్లు కాగాయి. ఆమె తలారా స్నానం చేసింది. నేను కూర్చున్న జాగ మీద పేడనీళ్లు చల్లారు. కన్ను దక్కినందుకు నేను సంతోషపడ్డాను, అది నిజం. ఆ పేడనీళ్ల చప్పుడు వింటూ సంతోషపడ్డాను, అదీ నిజం.

తర్వాత దొర నాతో కోడలికి పాప కొలవడం నేర్పమన్నాడు. ఇంట్లోనే ఒకరికి వస్తే మంచిది కదా అన్నాడు. ఎందుకు మంచిదో అందరికీ తెలుసు. కోడలు ఇరవై ఏళ్ల పిల్ల, చదువుకున్నది, చురుకైంది. నెల రోజుల్లో నాకంటే చక్కగా చూడడం నేర్చుకుంది. పాప కోలగా మారుతోందా అనేది కూడా కనిపెట్టేది. పట్టీ ఆమె దగ్గరే వదిలేశాను. నాకు ఇంకొకటి దొరకదని తెలుసు.

చివరి రోజు ఆ పిల్ల నన్ను గడప దాకా సాగనంపుతూ, “ఇంత సులువుగ తెలుస్తది గదా నర్సమ్మా. మల్ల అత్తమ్మ కుడి కంటికి నువ్వు చూసుట్ల తప్పెట్ల పోయింది?” అని అడిగింది.

ఆ ఇంట్లో ఇన్నాళ్లూ ఆమెకు చెప్పిన కథ అదన్నమాట. నేను చెప్పులు వేసుకుంటున్నదాన్ని ఆగాను.

“చూసుట్ల తప్పు పోలేదమ్మా. సరిగ్గనే చూసిన. నీటికాసులని నాకు తెలుసు, గా మందేస్తె కన్ను పోతదని గుడ తెలుసు. తెలిసే ఏసిన.”

ఆ పిల్ల ముఖంలో రంగు పోయింది. గడప మీద నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది. నేను ఇంకా చెప్పేదాన్నేమో, డాక్టరు గురించి, పరదా గురించి, ఒక్క వేలు గురించి. ఆమె అప్పటికే లోపలికి వెళ్లిపోయింది.

మరుసటి వారం బండి రాలేదు. ఆ పై వారమూ రాలేదు. దొరసాని ఎడమ కన్ను బాగానే ఉందని, కోడలు రోజూ కొలుస్తోందని సంతలో ఎవరో అంటే విన్నాను.